ఇరవై మెషిన్లన్నారు, ఉన్నవి మూడే

బెంగళూరులో త్రీడీ పని చేస్తూ బయటి రెండర్ ఫామ్‌కి (త్రీడీ ఫైల్‌ని బొమ్మలుగా మార్చడానికి, అంటే రెండర్ చేయడానికి, కంప్యూటర్లు అద్దెకిచ్చే చోటుకి) ఫైల్ ఇవ్వబోతున్న మనవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ఫామ్ పేరు రాయడం లేదు, గొడవ ఇంకా తెగలేదు.

మారతహళ్లిలో ఒక గదిలో నేనూ మా తమ్ముడూ బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో అపార్ట్‌మెంట్ల వాక్‌త్రూలు (ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టుండే వీడియోలు) చేస్తుంటాం. పోయిన నెల 90 సెకన్ల పని వచ్చింది. సెకనుకి 24 చొప్పున 2160 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. మా పీసీలో ఫ్రేముకి ఆరు నిమిషాలు, అంటే రాత్రీ పగలూ ఆపకుండా తిప్పినా తొమ్మిది రోజులు. బిల్డర్ ఇచ్చిన గడువు ఐదు రోజులు.

ఒక ఫ్రేము రెండర్ అవడానికి పక్క ఫ్రేము అక్కర్లేదు. అందుకే ఎన్ని మెషిన్లుంటే అన్నిటికీ పంచేయొచ్చు. ఫామ్ ఆయన దగ్గర ఇరవై ఉన్నాయట, రాత్రి ఇస్తే పొద్దున్నకల్లా అయిపోతుందట. ఒక్కో మెషిన్‌కి గంటకి 60 రూపాయలు. ఒక ఫ్రేము ఎదురుగానే చేసి చూపించారు, నాలుగు నిమిషాలు పట్టింది. ఆ లెక్కన మొత్తం 144 గంటలు, 8640 రూపాయలు. మనిషి మన అనంతపురం వైపు. తెలుగులో మాట్లాడేసరికి కాగితం మీద ఏమీ రాయించుకోకుండా 5000 అడ్వాన్స్ ఇచ్చేశాను. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది.

పొద్దున్నకల్లా అన్నది 77 గంటలు పట్టింది. బిల్లు 231 గంటలకి, 13860. వీడియో చూస్తే గోడల రంగు మిణుకుమిణుకుమంటోంది.

నన్ను కాపాడింది ఒక చిన్న అలవాటు. ఔట్‌పుట్ సెట్టింగుల్లో మెటాడేటా (బొమ్మ ఫైల్‌లోనే దాగి ఉండే వివరాలు) కింద హోస్ట్‌నేమ్ (మెషిన్ పేరు), రెండర్ టైమ్ టిక్ చేసి ఉంచుతాను. ఏ ఫ్రేము ఏ మెషిన్‌లో ఎంతసేపు రెండర్ అయిందో ఆ పీఎన్‌జీ బొమ్మ ఫైల్‌లోనే ఉండిపోతుంది. తమ్ముడు స్క్రిప్ట్ రాసి అన్నీ కూడితే వచ్చింది సరిగ్గా మూడు మెషిన్ల పేర్లు, దాదాపు 144 గంటలు. మిగతా 87 గంటలు మెషిన్లు ఖాళీగా కూర్చున్నవి. వాటికీ మీటర్ తిరిగింది!

రంగు తేడా ఉన్న 611 ఫ్రేములూ ఒకే మెషిన్‌వి. మా ఫైల్ బ్లెండర్ 4.2లో చేసింది, ఆ మెషిన్‌లో ఉన్నది 3.6. రంగులు చూపించే ఏజీఎక్స్ పద్ధతి 4.0తో వచ్చింది కాబట్టి పాత వెర్షన్‌కి అది తెలియనే తెలియదు. మళ్లీ చేసివ్వమంటే మళ్లీ డబ్బులన్నారు. ఇంట్లోనే చేసుకున్నాం, రెండున్నర రోజులు. గడువు దాటింది, బిల్డర్ చేత మాటలు పడ్డాం.

మీరు ఇవ్వాల్సి వస్తే గంటకి కాకుండా ఫ్రేముకి రేటు మాట్లాడండి. ఒక్క ఫ్రేము చూసి నమ్మొద్దు, వీడియో పొడవునా అక్కడక్కడా ఓ నలభై ఫ్రేములు అన్ని మెషిన్లకూ పంచి చేయించి, పేర్లు లెక్కపెట్టండి. వెర్షన్ నంబరు వాట్సాప్‌లో రాయించుకోండి. కర్టెన్లు, నీళ్ల లాంటి సిమ్యులేషన్ (కదలికని కంప్యూటరే లెక్కగట్టడం) ఉంటే ముందే బేక్ చేసి, అంటే ఆ లెక్కంతా కట్టి సేవ్ చేసి, పంపాలి, ఎందుకంటే అక్కడ మాత్రం ముందు ఫ్రేము కావాలి. షీప్‌ఇట్ అనే ఆన్‌లైన్ రెండర్ ఫామ్ ఉచితమే గానీ ఫైల్ ఎవరెవరి కంప్యూటర్లకో వెళ్తుంది, క్లయింటు పనికి నేను వాడను. సొంతంగా రెండు మూడు పీసీలుంటే బ్లెండర్ వాళ్ల ఫ్లమెంకో సాఫ్ట్‌వేర్ ఉచితంగా వాటిని కలుపుతుంది. మేమిప్పుడు అదే పెట్టుకున్నాం.

8640లో చెడిపోయిన 611 ఫ్రేములకి నాలుగేసి రూపాయల చొప్పున 2444, ముందిచ్చిన అడ్వాన్స్ 5000 తీసేసి, మిగిలిన 1196 పంపేశాను. మిగతాదాని కోసం ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు తెలుగులో మాత్రం మాట్లాడటం లేదు.