అమ్మానాన్నలతో ఇంగ్లండ్ పల్లె పబ్బులు: ఎక్కడికెళ్ళాం, ఏం తిన్నాం

మే నెల వచ్చిందంటే మా రెడింగ్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళకు ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగడం మొదలవుతుంది. మొదటి రెండు శనాదివారాలు లండన్‌కే సరిపోతాయి. మూడోది స్టోన్‌హెంజ్. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్ళాలో ఎవరికీ తోచదు. నన్నడిగితే పల్లెటూళ్ళలో ఉండే పబ్బులకు తీసుకెళ్ళమంటాను. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను. నాకు ఇంగ్లండ్ మీద ప్రేమ పుట్టింది లండన్ చూసి కాదు, ఈ పబ్బుల్లో కూర్చునే.

పోయిన వేసవిలో మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఈ మాట చెబితే అమ్మ ముఖం మాడిపోయింది. పబ్బు అనగానే ఆవిడకు వైన్ షాపు పక్కన పర్మిట్ రూము గుర్తొచ్చింది. ఆవిడ తప్పేం లేదు, ఆ మాటకు మనకు తెలిసిన అర్థం అదే. ఇక్కడి పల్లె పబ్బు వేరు. మన రచ్చబండకు కప్పు వేసి, పక్కన ఓ వంటిల్లు కట్టినట్టు ఉంటుంది. మధ్యాహ్నం పూట చూడండి: ఉయ్యాల బుట్టలో పసిబిడ్డతో ఒక జంట, కుక్కను బల్ల కింద పడుకోబెట్టి పేపరు చదివే పెద్దాయన, బూట్లకు మట్టితో నడక నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు. మందు పుచ్చుకోకపోతే ఎవరూ వింతగా చూడరు. నిమ్మరసం సోడా అడిగినా, ఎల్డర్ పూల షర్బత్ అడిగినా గౌరవంగానే ఇస్తారు. జింజర్ బీర్ అనేది పేరుకే బీరు, దాదాపు ఎక్కడైనా అల్లం ఘాటుతో ఉండే సోడా. అమ్మ మొదట ముట్టుకోలేదు గాని, రుచి చూశాక ప్రతిచోటా అదే అడిగింది.

మేం మొదట వెళ్ళింది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రో. రెడింగ్ నుంచి కారులో అరగంట. తెలుగువాళ్ళు ఎవరు వచ్చినా నేను ముందు తీసుకెళ్ళేది ఈ ఊరికే, ఎందుకంటే ఇక్కడ కాశీరాజు తవ్వించిన బావి ఉంది. ఊరి మధ్యలో, ఇంగ్లీషు ఇళ్ళ నడుమ, ఇనుప స్తంభాల మీద ఒక గుమ్మటం. దాని కింద నీళ్ళు తోడే చక్రాలు, వాటిపైన బంగారు రంగు ఏనుగు. కారు దిగగానే నాన్న అక్కడే ఆగిపోయారు.

ఈ ఊరున్న చిల్టర్న్ కొండలన్నీ సుద్దరాయి. వాన ఎంత కురిసినా నీరు నిలవదు, ఇంకిపోతుంది. పూర్వం ఎండాకాలంలో ఈ ఊళ్ళలో తాగడానికి చుక్క దొరికేది కాదు. పక్కనే ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ రీడ్ అనే దొర ఉత్తర హిందూస్థానంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్ళు తాగేశాడని ఒక పిల్లవాణ్ణి తల్లి కొట్టిన సంగతి ఆయన కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడట. రీడ్ అంతకుముందు అక్కడి ప్రజల కోసం ఒక బావి తవ్వించి ఉన్నాడు. రాజు ఆ మేలు మరిచిపోలేదు. 1863లో తన సొమ్ముతో ఇక్కడ బావి తవ్వించడం మొదలుపెట్టాడు, 1864లో ఊరివాళ్ళకు అప్పగించాడు. లోతు 368 అడుగులు, అదీ మనుషులు చేత్తో తవ్వింది. బావి ఖర్చులకు ఆదాయం ఉండాలని పక్కన చెర్రీ తోట కూడా వేయించాడు. నూరేళ్ళ పండుగకు 1964లో రాణిగారి భర్త ప్రిన్స్ ఫిలిప్ వచ్చాడు.

నాన్న ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా వైపు ఇరవై అడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. ఆయన బావి మూత మీదికి వంగి లోపలికి చూస్తూ, "నూట ఇరవై గజాలమ్మా! ఒకడు దిగాలి, మట్టి బుట్టకెత్తాలి, పైకి లాగాలి. గాలెట్లా ఆడిందో లోపల," అన్నారు. అలా పావుగంట నిలబడ్డారు. కాశీలో గంగకు అవతల రామనగర్ కోట చూసొచ్చిన మనిషి ఆయన. ఆ కోటలోని రాజు ఈ కొండ మీది పేదల దాహం తీర్చాడన్న సంగతి ఆయన్ని ఎంత కదిలించిందో మాటల్లో చెప్పలేను.

భోజనం అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న క్రూకెడ్ బిల్లెట్‌లో. 1642 నాటి ఇల్లు. బారు కౌంటరు ఉండదు, బీరు కింద నేలమాళిగ నుంచి పట్టుకొస్తారు. నటి కేట్ విన్స్‌లెట్ 1998లో పెళ్ళి విందు ఇక్కడే ఇచ్చింది, వడ్డించింది సాసేజీలూ బంగాళాదుంప ముద్దే. వంట పబ్బు స్థాయికి ఒక మెట్టు పైనే, ఖరీదూ అంతే. అమ్మకు పుట్టగొడుగుల వంటకం బాగా నచ్చింది. వారం ముందే బల్ల చెప్పుకుని వెళ్ళండి.

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన పబ్బు మాత్రం బెర్క్‌షైర్‌లోని ఆల్డ్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో ఉంది. పేరు బెల్ ఇన్. రెండు వందల యాభై ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో నడుస్తోంది. సంప్రదాయ బీరు కోసం 1971లో పుట్టిన కామ్రా సంఘం దీన్ని రెండుసార్లు దేశంలోకెల్లా మేటి పబ్బుగా ఎంచింది. లోపలికెళితే సంగీతం ఉండదు, టీవీ ఉండదు, ఫోన్లు తీయకూడదు. రైల్వే టికెట్ల కిటికీలాంటి చిన్న అద్దాల కిటికీ ఒకటి ఉంటుంది, అందులోంచే ఇస్తారు. గోడవార బెంచీలు కూర్చుని కూర్చుని నున్నబడ్డాయి. ఒకే ముల్లు ఉన్న పాత గడియారం గోడకు ఉంది. తిండి అంటే ముఖ్యంగా వేడి వేడి బన్నులు. పైన కరకర, లోపల మెత్తన, మధ్యలో చీజ్ ముక్క. చేతిలోకి తీసుకోగానే వేడికి చీజ్ అంచులు కరిగి కాగితానికి అంటుకుంటాయి. పక్కన ఉల్లిపాయ పచ్చడి. బిల్లు చూసి మా ఆయన రెండోసారి లెక్క పెట్టారు, అంత తక్కువ.

మే నెలైనా ఆ రోజు చలిగా ఉండి పొయ్యి రాజేశారు. అమ్మ పొయ్యి పక్కన కూర్చుంది. ఎదురు బెంచీ మీద ఒక ముసలావిడ తన స్వెటరు కుట్టు చూపిస్తూ ఏదో అంది. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఇద్దరూ అల్లిక వేళ్ళతో చూపించుకుంటూ అరగంట గడిపేశారు. నాలుగడుగులు వేస్తే చర్చిలో పద్నాలుగో శతాబ్దపు రాతి విగ్రహాలు తొమ్మిది ఉన్నాయి, డి లా బెష్ వంశపు వీరులు, వాళ్ళ ఆడవాళ్ళవి. ఆల్డ్‌వర్త్ జెయింట్స్ అంటారు. క్రామ్‌వెల్ కాలపు అంతర్యుద్ధంలో బాగా దెబ్బతిన్నాయి, అయినా ఆ ఆకారాలు చూసి తీరాలి.

శాకాహారులతో వెళ్ళేవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒక పబ్బులో, పేరు చెప్పను, ఆదివారం అమ్మకు నట్ రోస్ట్, అంటే మాంసానికి బదులు గింజలతో చేసే వంటకం, చెప్పాం. పళ్ళెం వచ్చింది, పైన గోధుమరంగు గ్రేవీ పోసేసి ఉంది. అమ్మ ముద్ద నోటి దగ్గరకు తీసుకెళ్ళే లోపు అనుమానం వచ్చి అడిగితే, అది గొడ్డుమాంసపు గ్రేవీ. క్షమాపణ చెప్పి మార్చారు గాని ఆ పూట అమ్మ ఏమీ తినలేదు. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. అప్పటి నుంచి ఆర్డరిచ్చేటప్పుడే మూడు సంగతులు అడుగుతాను. గ్రేవీ దేనితో చేశారు? చిప్స్ వేయించింది నూనెలోనా, గొడ్డు కొవ్వులోనా? రోస్ట్ పక్కన పెట్టే పొంగు రొట్టె, యార్క్‌షైర్ పుడ్డింగ్, పొంగించింది ఏ కొవ్వులో? మంచి వంటవాళ్ళున్న చోట ఈ ప్రశ్నలకు విసుక్కోరు, లోపలికెళ్ళి కనుక్కొచ్చి చెబుతారు. విసుక్కున్నారంటే లేచి వచ్చేయండి.

మిగతా పద్ధతులు తేలికే. చాలా చోట్ల బల్ల మీద నంబరు చూసుకుని, కౌంటరు దగ్గరకెళ్ళి చెప్పి, డబ్బులు ముందే కట్టాలి. అలాంటి చోట టిప్పు ఎవరూ ఆశించరు. బల్ల దగ్గరకొచ్చి వడ్డించే చోట బిల్లులో సర్వీసు చార్జి కలిపారేమో చూసుకోండి. వంటిల్లు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో కట్టేస్తే మళ్ళీ సాయంత్రం ఆరుకే. మనవాళ్ళు మూడింటికి తీరిగ్గా బయల్దేరి ఆకలితో తిరిగొచ్చిన సందర్భాలు నాకు బోలెడు తెలుసు. సోమవారం మూసే పబ్బులూ ఎక్కువే. ఆదివారం రోస్ట్, అంటే కాల్చిన మాంసం, కూరగాయల భోజనం, మనిషికి 20 పౌండ్లకు అటూ ఇటూగా ఉంటోంది.

శాకాహారులకు చాలా చోట్ల చెప్పదగింది ప్లౌమన్స్ లంచ్. రొట్టె, చెడ్డార్ చీజ్, ఊరేసిన ఉల్లిపాయ, ఆపిల్ ముక్కలు. హామ్, అంటే పంది మాంసం, వద్దని ముందే చెప్పాలి. నాన్న దాన్ని చూడగానే "ఇది వీళ్ళ చద్దన్నం, ఉల్లిపాయ" అన్నారు. దున్నేవాడి భోజనం అన్న ఆ పేరును బాగా వాడుకలోకి తెచ్చింది 1950లలో చీజ్ అమ్మకాలు పెంచడానికి పనిచేసిన సంస్థ. తిండి పాతదే, పేరుకే కొత్త ప్రచారం.

కాట్స్‌వోల్డ్స్ వైపు వెళ్ళేవాళ్ళకు స్విన్‌బ్రుక్ చెబుతాను. బైబరీ, బోర్టన్ లాంటి ఊళ్ళలో వేసవిలో కాలు పెట్టే చోటుండదు, అక్కడ తినడానికి ఆగొద్దు. స్విన్‌బ్రుక్‌లో విండ్‌రష్ ఏటి ఒడ్డున స్వాన్ ఇన్ ఉంది. బయట చెట్ల కింద బల్లలు, పక్కనే ఏరు. భోజనం బావుంది, ముఖ్యంగా స్టికీ టాఫీ పుడ్డింగ్. కొంచెం పైకి నడిస్తే చర్చి. అందులో ఫెట్టిప్లేస్ వంశపు ఆరుగురు రాతి మనుషులు, ముగ్గురు ముగ్గురు చొప్పున అరల్లో ఒకరి మీద ఒకరు, మోచేతి మీద ఆనుకుని పక్కకు తిరిగి పడుకుని ఉంటారు. అమ్మ చూసి, "శేషపాన్పు మీద రంగనాథుడిలా పడుకున్నారే, ఆరుగురూ!" అంది, చెప్పులు బయట విడిచి మరీ వచ్చింది.

ఆ రాత్రి బస మాత్రం వేరే ఊళ్ళో, ఒక పాత సత్రం లాంటి పబ్బులో. ఫొటోల్లో గది ముచ్చటగా ఉంది. వెళ్ళి చూస్తే సరిగ్గా బారు మీది గది. మెట్లు నిట్టనిలువు, లిఫ్టు లేదు, దూలం ఎంత కిందికి ఉందంటే నాన్న నుదురు రెండుసార్లు తగిలింది. కింద మాటలు పదకొండు దాటేదాకా వినిపించాయి. పొద్దున్న టిఫిన్ మాత్రం చక్కగా పెట్టారు. పెద్దవాళ్ళతో వెళితే వెనక గుర్రపుశాలలను మార్చి కట్టిన గదులున్నాయేమో అడగండి. అవి సాధారణంగా నేల మీదే ఉంటాయి, నిద్ర పడుతుంది.

సముద్రం చూడాలంటే డోర్సెట్‌లో వర్త్ మట్రావర్స్. అక్కడి స్క్వేర్ అండ్ కంపాస్‌ను న్యూమన్ కుటుంబం 1907 నుంచి నడుపుతోంది. ఇక్కడా కౌంటరు లేదు, కిటికీలోంచే ఇస్తారు. తినడానికి పాస్టీలు, అంటే మన కజ్జికాయను అరచేయంత చేసి లోపల కూర పెట్టి కాల్చినట్టు. కూరగాయలవి అడిగితే దొరికాయి. బయట రాతి బల్లలు, కాళ్ళ చుట్టూ కోళ్ళు, దూరంగా సముద్రం. లోపలి గదిలో ఆ తీరంలో దొరికిన శిలాజాల చిన్న మ్యూజియం, టికెట్ లేదు. మా చిన్నవాడు అక్కణ్ణుంచి కదల్లేదు. రెడింగ్ నుంచి రెండు గంటల పైనే ప్రయాణం, అయినా వెళ్ళదగిందే.

వంటకు మిషెలిన్ గైడ్ ఇచ్చే నక్షత్రాలున్న చోట్ల గురించీ అడుగుతుంటారు. మార్లోలోని హ్యాండ్ అండ్ ఫ్లవర్స్ పబ్బుల్లో మొట్టమొదట రెండు మిషెలిన్ నక్షత్రాలు తెచ్చుకుంది. బ్రే ఊళ్ళోని వాటర్‌సైడ్ ఇన్‌కు 1985లోనే మూడో నక్షత్రం వచ్చింది. పెళ్ళిరోజుకు మీరిద్దరూ వెళ్ళండి. అమ్మానాన్నలను తీసుకెళ్తే బిల్లు చూసిన వాళ్ళకు తిన్నది ఒంటబట్టదు.

ఇంకొక్కటి, యార్క్‌షైర్ కొండల మీది టాన్ హిల్ ఇన్. 528 మీటర్ల ఎత్తున, బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన పబ్బు. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను మంచులో అరవై మంది దాకా అక్కడ మూడు రాత్రులు చిక్కుకుపోయారు. పబ్బువాళ్ళు వాళ్ళందరికీ తిండీ పడకా చూసుకున్నారు. మేం వేసవిలో వెళ్ళాం. చుట్టూ గొర్రెలు, గాలి తప్ప ఏమీ లేవు. వేడి సూపు తాగి గంట కూర్చున్నాం.

వచ్చే అక్టోబరులో అత్తయ్యగారు, మావయ్యగారు వస్తున్నారు. మావయ్యగారికి మోకాళ్ళ నొప్పి, అందుకని దూర ప్రయాణాలు పెట్టుకోకుండా ముందు ఆల్డ్‌వర్త్‌కే తీసుకెళ్తాను, పొయ్యి పక్క బెంచీ ఖాళీగా దొరికేలా తలుపులు తెరిచే వేళకే. నాన్న ఫోనులో మాత్రం ఒకటే చెబుతున్నారు: "మీ మావగారికి కాశీరాజు బావి చూపించు. లోతు ఆయన్ని ఊహించమను, తర్వాత చెప్పు."