పెళ్ళి ప్రొజెక్టరు మీద ఒలింపిక్స్: నెల్లూరు అద్దె సెట్టుకు ఆటవారీగా మార్కులు

నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్లలో పెళ్ళిళ్లకు లైటింగు, సౌండు ఇచ్చే షాపులు చాలావరకు ప్రొజెక్టరు కూడా అద్దెకిస్తున్నాయి. సెట్టులో ఉండేవి ఒక ప్రొజెక్టరు, ఎనిమిదడుగుల వెడల్పు ఆరడుగుల ఎత్తు తెర, రెండు సౌండ్ బాక్సులు, ఒక యాంప్లిఫయరు, వైర్లు. రిసెప్షన్‌లో ఫొటోలు తిప్పడానికి, తాళి కట్టే దృశ్యం వెనక బంతిలో కూర్చున్నవాళ్లకు కూడా చూపించడానికి సరిపడే సామాను ఇది. దీన్ని అపార్ట్‌మెంటు మిద్దె మీదో, బడి ఆవరణలోనో పెట్టి నలభై యాభై మంది కలిసి ఒలింపిక్స్ చూడాలంటే మాత్రం ఆటకొక రకంగా మార్కులు పడతాయి. హాకీకి, జావెలిన్‌కి ఐదుకు నాలుగు. పాత ఒలింపిక్స్ వీడియోలకు ఐదుకు ఐదు. బ్యాడ్మింటన్‌కి రెండు. షూటింగ్‌కి ఒకటి.

ముందు బ్యాడ్మింటన్ సంగతి. ఈ ప్రాంత జనం గుండెకు దగ్గరైన ఆట అది. పుల్లెల గోపీచంద్ పుట్టిన నాగండ్ల అప్పట్లో ప్రకాశం జిల్లాలోదే. 2016 రియో ఫైనల్లో పి.వి. సింధు ఆడుతుంటే కోచ్ కుర్చీలో కూర్చున్నది ఆయనే. ఆ మ్యాచ్‌ని హైలైట్స్‌లో కాకుండా పూర్తిగా వేసుకోండి. మొదటి గేమ్‌లో సింధు 16-19తో వెనకబడి, అక్కణ్ణుంచి వరసగా ఐదు పాయింట్లు కొట్టి 21-19తో గెలిచింది. ఆ ఐదు పాయింట్లు భారత క్రీడాభిమాని చూడగలిగినవాటిలో అన్నిటికంటే గొప్పవని నా గట్టి నమ్మకం. తర్వాతి రెండు గేములు 21-12, 21-15తో ప్రత్యర్థి, స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ తీసుకుంది. మూడు నిమిషాల వీడియోలో సింధు ఓడిపోయినట్టు మాత్రమే కనిపిస్తుంది. పూర్తి మ్యాచ్ చూస్తే మారిన్ షటిల్‌ని ఎక్కడ వేసి సింధుని వెనక్కి నెట్టిందో, ఆట వేగాన్ని ఎప్పుడు తన చేతిలోకి తీసుకుందో తెలుస్తుంది.

కానీ అద్దె ప్రొజెక్టరు మీద ఆ షటిలే కనిపించదు. కారణం ఇదీ. పెళ్ళి ప్రొజెక్టర్లలో ఎక్కువ భాగం ఎక్స్‌జీఏ రకం. అంటే అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలు. నాలుగుకు మూడు ఆకారం. ఇప్పటి ప్రసారాలు పదహారుకు తొమ్మిది ఆకారంలో వస్తాయి. ఎనిమిదడుగుల తెర మీద బొమ్మ ఎత్తు నాలుగున్నర అడుగులకు తగ్గి, పైనా కిందా నల్ల పట్టీలు పడతాయి. చుక్కలు కూడా 1024 అడ్డం, 576 నిలువు మాత్రమే పనిచేస్తాయి. కోర్టు వెనక నుంచి తీసే కెమెరాలో షటిల్ అసలే చిన్నది. స్మాష్ కొట్టగానే అది కొద్ది చుక్కల మసకగా మారిపోతుంది. జనం ఆటగాళ్ల చేతులు చూసి పాయింటు ఎవరిదో ఊహించుకోవాల్సి వస్తుంది.

కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి మాట: నేటివ్ రిజల్యూషన్ (ప్రొజెక్టరులో నిజంగా ఉన్న చుక్కల లెక్క) ఎంత? "ఫుల్ హెచ్‌డి సపోర్ట్ చేస్తదన్నా" అంటే ఒప్పుకోవద్దు. సపోర్ట్ చేయడమంటే ఫుల్ హెచ్‌డి బొమ్మని లోపలికి తీసుకుని, తన దగ్గరున్న తక్కువ చుక్కల్లోకి కుదించి చూపించడం. మోడల్ నంబరు ప్రొజెక్టరు అడుగున స్టిక్కరు మీద ఉంటుంది. అది ఫోన్లో వెతికితే నేటివ్ 1920 బై 1080 అవునో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది. వెలుతురు విషయంలో కూడా అంతే. రాత్రిపూట ఎనిమిదడుగుల బొమ్మకు 3000 ఆన్సీ లూమెన్లు (నిర్ణీత పద్ధతిలో కొలిచిన వెలుతురు లెక్క) చాలు. ఆన్సీ అన్న మాట లేకుండా పెద్ద పెద్ద అంకెలు రాసుకున్న చిన్న డబ్బా ప్రొజెక్టర్లు ఇంట్లో గోడకు పనికొస్తాయేమో గానీ మిద్దె మీదకి తేవద్దు.

షూటింగ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ప్రసారంలో మనకు కనిపించేదల్లా తెర మూలన చిన్న అంకెలు. 2008 బీజింగ్ ఫైనల్లో చివరి షాట్‌కి ముందు అభినవ్ బింద్రా, ఫిన్లాండ్ ఆటగాడు హెన్రీ హాకినెన్ సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టాడు, హాకినెన్‌ది 9.7. దేశానికి వ్యక్తిగత విభాగంలో తొలి స్వర్ణం ఆ ఒక్క అంకెలో ఉంది. ఆ అంకె మసకబారితే ఇక చూడ్డానికేముంది? షూటింగ్ ఇంట్లో మామూలు టీవీలోనే బాగుంటుంది.

ఇదే పెళ్ళి ప్రొజెక్టరు పాత ఒలింపిక్స్‌కి మాత్రం అమిరినట్టే అమరుతుంది. 2000కి ముందూ ఆ చుట్టుపక్కలా తీసిన వీడియోలు నాలుగుకు మూడు ఆకారంలోనే ఉంటాయి. ఎనిమిది ఆరు తెర అంచు నుంచి అంచుకి నిండిపోతుంది. ఆ వీడియోల్లో ఎటూ ఎక్కువ చుక్కలు లేవు కాబట్టి ఎక్స్‌జీఏతో పోయేదీ ఏమీ లేదు. సిడ్నీలో 2000 సెప్టెంబరు 19న కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదకి, ఆపైన తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. నిలువెత్తు తెర మీద బార్ వంగడం, భుజాల మీద నిలిచిన ఆ అర క్షణం, మోకాళ్లు కుదుటపడటం ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. వెయిట్‌లిఫ్టింగ్‌లో కెమెరా కదలదు, మనిషి తెర మధ్యలోనే ఉంటుంది. అందుకే పెద్ద తెరకు ఇంతకన్నా తగిన ఆట లేదు.

1984 లాస్ ఏంజిలిస్ 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ కూడా ఇలాగే వేయాలి. రొమేనియా అమ్మాయి క్రిస్టియానా కొజొకారు 55.41, పి.టి. ఉష 55.42. పతకం పోయింది సెకనులో నూరో వంతు తేడాతో. చివరి హర్డిల్ దాటాక ఒకసారి ఆపి, ఫినిష్ గీత దగ్గర మళ్లీ ఆపి చూపించండి. పరుగు నేర్చుకుంటున్న పిల్లలకు గీత దగ్గర ఛాతీ ముందుకు వంచడం ఎందుకో పది రోజుల ఉపన్యాసం కన్నా ఈ వీడియో బాగా చెబుతుంది. దీనికి ల్యాప్‌టాప్‌లో కుదురుగా ఆపే వీలున్న ప్లేయరు కావాలి. ఫోన్లో వేలితో ఆపబోతే సరైన చోట పడదు. పాత పోటీల వీడియోలు ఒలింపిక్స్ అధికారిక సైటులోనూ దాని యూట్యూబ్ చానెల్లోనూ ఉచితంగా దొరుకుతాయి.

సౌండ్ బాక్సుల దగ్గర ఒక సవరణ తప్పనిసరి. పెళ్ళి బాక్సులు బ్యాండుకీ, డీజే పాటకీ సెట్ చేసి ఉంటాయి, బేస్ బాగా ఎక్కువ. అలాగే వదిలేస్తే వ్యాఖ్యాత గొంతు గుయ్‌మని మోగి ఒక్క మాటా అర్థం కాదు. యాంప్లిఫయరులో బేస్‌ని సగం కన్నా కిందకి దించి, ట్రెబుల్ కొంచెం పెంచండి. దీని విలువ 2021లో జరిగిన టోక్యో హైజంప్ చూస్తే తెలుస్తుంది. ఖతార్ ఆటగాడు బర్షిమ్, ఇటలీ ఆటగాడు తాంబేరి ఇద్దరూ 2.37 మీటర్లు దూకారు. 2.39 దగ్గర ఇద్దరూ మూడుసార్లూ తప్పారు. జంప్ ఆఫ్ (విజేతను తేల్చే అదనపు దూకులు) ఆడతారా అని అధికారి అడుగుతుంటే, ఇద్దరికీ స్వర్ణం ఇవ్వొచ్చా అని బర్షిమ్ అడిగే మాట మైకులో వినిపిస్తుంది. ఆ సంభాషణ వినపడకపోతే తాంబేరి ఎందుకు గాల్లోకి ఎగిరి బర్షిమ్ మీద పడ్డాడో వెనక వరసలో వాళ్లకు అర్థం కాదు. 1992 బార్సిలోనాలో బ్రిటన్ రన్నర్ డెరెక్ రెడ్‌మండ్ 400 మీటర్ల సెమీఫైనల్లో తొడ కండరం చిరిగి పడిపోయి, తండ్రి భుజం పట్టుకుని గీత దాటిన దృశ్యానికి మాత్రం వ్యాఖ్యానం అక్కర్లేదు. స్టేడియం చప్పుడు చాలు.

సౌండుకి బ్లూటూత్ వాడొద్దు. బొమ్మ ముందు, శబ్దం వెనక వస్తుంది. స్టిక్కు బంతికి తగిలాక టక్కుమనే చప్పుడు ఆలస్యంగా వినిపిస్తే హాకీ చూసే రుచే పోతుంది. ఆక్స్ వైరు వేయండి.

హాకీకి నాలుగు మార్కులు ఇవ్వడానికి కారణం నీలం టర్ఫ్, పసుప్పచ్చ బంతి. మసక ప్రొజెక్టరు మీద కూడా బంతి తప్పిపోదు. టోక్యోలో 2021 ఆగస్టు 5న జర్మనీ మీద మనవాళ్లు 1-3 నుంచి 5-3కి వెళ్లి, చివరికి 5-4తో గెలిచారు. ఆరు సెకన్లు మిగిలుండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ దొరికింది, దాన్ని మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపాడు. 1980 తర్వాత హాకీలో మనకు అదే మొదటి పతకం. 2024 పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ ఇంకా గొప్పగా ఉంటుంది. రెండో క్వార్టర్ మొదట్లోనే మన ఆటగాడు అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డు పడింది. మిగతా ఆటంతా పదిమందితోనే ఆడి 1-1 దగ్గర నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఖాళీ అయిన ఆ ఒక్క చోటుని మిగతావాళ్లు ఎలా కప్పుకుంటూ తిరిగారో చిన్న ఫోన్లో కనిపించదు. మైదానమంతా ఒకేసారి కనిపించే పెద్ద తెర మీదే తెలుస్తుంది. ఒక్క మార్కు తగ్గించింది పెనాల్టీ కార్నర్ డ్రాగ్ ఫ్లిక్ (స్టిక్కుతో బంతిని లాగి విసిరే షాట్) కోసం. ఆ వేగానికి బంతి గీతలా సాగిపోతుంది.

జావెలిన్‌కి వేరే చిక్కు. ఈటె రాత్రి ఆకాశంలోకి వెళ్తుంది. ప్రొజెక్టరు నలుపుని నలుపుగా చూపించలేదు, బూడిదరంగే చూపిస్తుంది. చుట్టూ ఉన్న ట్యూబులైట్లు, వీధిదీపం వెలుగు తెర మీద పడితే ఈటె కనిపించకుండా పోతుంది. తెరని వీధిదీపానికి వీపు చేసి కట్టండి. టోక్యోలో నీరజ్ చోప్రా రెండో త్రో, 87.58 మీటర్లు. ఈటె నేలకి దిగకముందే వెనక్కి తిరిగి చేతులెత్తేశాడు. ఆ తిరగడాన్ని, ఈటె పడటాన్ని వెంటవెంటనే చూడగలగాలి. పారిస్‌లో పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ 92.97తో ఒలింపిక్ రికార్డు కొట్టిన రాత్రి, నీరజ్ ఆరు త్రోల్లో ఐదు ఫౌల్. నిలబడింది ఒక్కటే, 89.45, దానికే రజతం. ఫౌల్ ఎందుకో పిల్లలు అడుగుతారు. విసిరాక కాలు గీత దాటితే ఫౌలే. బొమ్మ వంకరగా ఉంటే ఆ గీత, కాలు తేడా తెలియదు. ప్రొజెక్టరు మెనూలో కీస్టోన్ తిప్పి వంకర సరిచేస్తే చుక్కలు ఇంకా తగ్గిపోతాయి. దానికి బదులు ప్రొజెక్టరునే తెర మధ్యకి ఎదురుగా, తగిన ఎత్తు బల్ల మీద పెట్టండి. ఎనిమిదడుగుల బొమ్మకు మామూలు ప్రొజెక్టరు 12 నుంచి 16 అడుగుల దూరంలో ఉండాలి.

నెట్ దగ్గర చెడేవి మూడు. ఫోన్‌ని వైర్లెస్‌గా తెరకి కలిపితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. కొన్ని యాప్‌లైతే అలా కలపనివ్వవు, శబ్దం వచ్చి తెర నల్లగా ఉండిపోతుంది. హెచ్‌డిఎమ్‌ఐకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్కు వాడటం మేలు. రెండోది డేటా. ఫుల్ హెచ్‌డి గంటకు రెండు మూడు జీబీ తాగేస్తుంది. రోజుకి 1.5 జీబీ ప్లాన్ హాకీ మూడో క్వార్టరు దాకా కూడా రాకపోవచ్చు. బ్రాడ్‌బ్యాండ్ రూటరు నుంచి మిద్దె మీదకి లాన్ వైరు లాగించండి. మూడోది ఆలస్యం. యాప్ ప్రసారం డిష్ టీవీ కన్నా అర నిమిషం దాకా వెనక ఉండొచ్చు. పక్కింటి కేక ముందు వినిపించి, మన తెర మీద గోల్ తర్వాత పడుతుంది. ప్రత్యక్ష ప్రసారానికి డిష్ సెట్‌టాప్ బాక్సునే ప్రొజెక్టరుకి కలపడం సరైన పని. ఫోన్లలో స్కోరు నోటిఫికేషన్లు కూడా ఆపించండి.

సముద్రపు గాలి సంగతి మరవొద్దు. మైపాడు, కోడూరు వైపు గ్రామాల్లో మూడు కాళ్ల స్టాండు తెర నిలబడదు. చుట్టూ రింగులున్న గుడ్డ తెర అడిగి నాలుగు మూలలే కాకుండా పక్కలు కూడా తాళ్లతో బిగించాలి. సున్నం వేసిన తెల్లగోడ ఉంటే తెరే అక్కర్లేదు. వరిపొలాల పక్కనైతే లెన్సు మీదకి పురుగులు మూగుతాయి. దూరంగా ఒక బల్బు వేసి ఉంచితే కొన్ని అటు పోతాయి. ఆట అయ్యాక ప్రొజెక్టరు ప్లగ్గు వెంటనే పీకొద్దు. ఫ్యాను తిరిగి లాంపు చల్లబడేదాకా ఆగాలి. లాంపు పోతే షాపువాళ్లు కోసేది అడ్వాన్సులోంచే.

బుకింగుకి ముందు రెండు క్యాలెండర్లు చూడాలి. ఒకటి పంచాంగం. పారిస్ ఒలింపిక్స్ 2024 జూలై 26న మొదలయ్యాయి. ఆగస్టు 4 అమావాస్యతో ఆషాఢం ముగిసి శ్రావణం వచ్చింది. మొదటి వారం సెట్లు ఖాళీగా ఉండే కాలం, సరిగ్గా అథ్లెటిక్స్ ఊపందుకునే రెండో వారం పెళ్ళిళ్లకు వెళ్లిపోయే కాలం. రెండోది గడియారం. పారిస్‌లో బ్రిటన్‌తో హాకీ మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, స్పెయిన్‌తో కాంస్య పోరు సాయంత్రం ఐదున్నరకు వచ్చాయి, రెండూ పట్టపగలే. స్పెయిన్ మ్యాచ్ రోజే జావెలిన్ ఫైనల్ రాత్రి 11:55కి. ప్రొజెక్టరుకి పనికొచ్చింది అదొక్కటే. 2026 సెప్టెంబరు 19న ఐచీ నగోయాలో మొదలయ్యే ఆసియా క్రీడలకు జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు, అక్కడి రాత్రి ఏడు మనకు మధ్యాహ్నం మూడున్నర. 2028 లాస్ ఏంజిలిస్ జూలై 14 నుంచి 30 వరకు. అక్కడ సాయంత్రం ఆరుకి మొదలయ్యే పోటీ మనకు మర్నాడు పొద్దున ఆరున్నర. ఈ రెండిటికీ మిద్దె మీద తెర కట్టి లాభం లేదు. కిటికీలు మూసి చీకటి చేయగలిగే కల్యాణమండపం హాలు గానీ, అదే షాపుల్లో దొరికే ఎల్‌ఈడీ వాల్ గానీ తీసుకోవాలి. ఎల్‌ఈడీ వాల్ అద్దె చాలా ఎక్కువ, అపార్ట్‌మెంటు సంఘం మొత్తం పంచుకుంటే తప్ప గిట్టదు. పది పదిహేను మందే అయితే రెండూ మానేసి ఎవరింట్లోనైనా 55 అంగుళాల టీవీ ముందు కూర్చోండి. అందులో బ్యాడ్మింటన్ షటిల్ కూడా కనిపిస్తుంది.