పందొమ్మిదేళ్లుగా ఉన్న కోచ్‌ను మార్చాలా? పాలమూరులో ఒక ఫుట్‌బాల్ కోచింగ్ ఎట్లుందంటే

మహబూబ్‌నగర్‌లో పొద్దున ఆరు కాకముందే మొదలయ్యే ఈ కోచింగ్‌లో పిల్లల్ని వేద్దామనుకునేవాళ్లంతా ఇప్పుడు ఒకటే అడుగుతున్నారు: పందొమ్మిదేళ్లుగా కోచూ మేనేజరూ ఒకే సారు, ఇక మార్చాలా వద్దా? క్లబ్ పేరు, సారు పేరు ఇక్కడ అవసరం లేదు, పని గురించే మాట్లాడుకుందాం.

పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇంత ఓపికగా నేర్పేవాళ్లు దొరకడం కష్టం. వచ్చే బంతికి పాదం లోపలి వైపు పెట్టాలి, తగిలే క్షణంలో కాలు కొంచెం వెనక్కి తీసుకోవాలి, అప్పుడే బంతి ఎగిరిపోకుండా కాలి దగ్గర ఆగుతుంది. ఇది రెండు కాళ్లకూ వచ్చేదాకా సారు ముందుకు పోనివ్వరు. చిన్నోళ్లకు 350–390 గ్రాముల నాలుగో సైజు బంతే ఇస్తారు. ఐదో సైజు 410–450 గ్రాములు. పదేళ్ల పిల్లాడు దాన్ని లేపాలని ఒళ్లు వెనక్కి వాల్చి తంతాడు, ఆ అలవాటు పడితే పెద్దయ్యాక కూడా షాట్ గోల్ బార్ మీది నుంచే పోతుంది. మొరం గ్రౌండ్ మీద పొడుగు స్టడ్ల బూట్లు వేయనివ్వరు, అదీ మంచిదే. గట్టి నేలలో స్టడ్లు దిగవు, బరువంతా ఆ కొన్ని చోట్లే పడి మడమలు నొస్తాయి. పొట్టి రబ్బరు బుడిపెల షూస్ చాలు. పంపు సూదిని తడపకుండా వాల్వ్‌లో గుచ్చినవాడికి ఆ రోజు పంపు బంద్. ఎండు సూది వాల్వ్‌ను చీల్చేస్తుంది మరి.

లోపమంతా సీనియర్ జట్టు దగ్గరే. నలభై మంది, రెండు గోల్స్ ముందు రెండు లైన్లు. ఒక్కో షాట్‌కు ఇరవై సెకన్లు వేసుకున్నా మళ్లీ వంతు రావడానికి ఆరున్నర నిమిషాలు దాటుతుంది. అరగంటలో ఒక్కొక్కరికి నాలుగైదు తన్నులు, మిగతాదంతా నిలబడటమే. అదే నలభై మందిని నలుగురికి నలుగురిగా ఐదు చిన్న కోర్టుల్లో ఆడిస్తే ఐదు బంతులు, కొన్ని కోన్లు సరిపోతాయి, ఎవరూ ఖాళీగా ఉండరు.

వార్మప్ కూడా పాతదే: మూడు రౌండ్లు పరుగు, కూర్చొని కాళ్లు సాగదీయడం. గాయాలు తగ్గేలా ఫిఫా తయారుచేసిన ‘11 ప్లస్’ వార్మప్ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఎనిమిది నిమిషాలు మెల్లటి పరుగు, పది నిమిషాలు బలం, బ్యాలెన్స్, గెంతులు, చివరి రెండు నిమిషాలు వేగం. అందులో ఒక కసరత్తు చాలా ముఖ్యం. మోకాళ్ల మీద నిలబడాలి, వెనక ఒకరు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి, నడుము వంగకుండా మెల్లగా ముందుకు వాలాలి. మొదట్లో 3–5 సార్లు చాలు. తొడ వెనక కండరం పట్టేయడం దీనివల్ల తగ్గుతుంది.

నియమాల సంగతీ అంతే. గోల్ కిక్ బంతి పెనాల్టీ ఏరియా దాటనవసరం లేదని, సొంత జట్టువాళ్లు లోపలే అందుకోవచ్చని 2019లోనే మారింది, ఈ డిఫెండర్లు ఇంకా గీత బయటే ఎదురుచూస్తున్నారు. 2025 నుంచి గోలీ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతుల్లో పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్. ఇక్కడ సైడ్‌లైన్ నుంచి గోలీకి ఇంకా ‘నిదానం, నిదానం’ అనే కేకలే.

మేనేజర్ పని గురించి ఒక్క మాట: పుట్టిన తేదీ సర్టిఫికెట్, బోనఫైడ్, ఫొటోలు టోర్నమెంటుకు రెండు రోజుల ముందు అడిగితే ఎవరో ఒకరు జట్టులోంచి పోతారు. వీటిని జూన్‌లోనే ఫైలు చేసిపెట్టే మనిషి వేరే ఉండాలి.

అయినా సారును పంపేయాలంటే ఒప్పుకోలేం. మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీం) 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును నడిపారు. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం భారత్‌కు ఆయన కోచింగ్‌లోనే వచ్చాయి. ఏళ్లు ఎక్కువైతే ఆట పాతబడుతుందని లేదు. ఇంగ్లాండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌లో మేనేజర్‌గా ఫెర్గూసన్ 1986 నుంచి 2013 దాకా ఉన్నారు, కానీ గ్రౌండ్‌లో రోజువారీ ట్రైనింగ్ చూసే అసిస్టెంట్లు మారుతూ వచ్చారు. ఆయన తప్పుకున్నాక వచ్చిన మోయెస్ పాత కోచింగ్ సిబ్బందిలో ముఖ్యుల్ని కూడా మార్చేశారు. ఆ సీజన్‌లోనే ఛాంపియన్ జట్టు ఏడో స్థానానికి పడిపోయింది, మోయెస్ సీజన్ పూర్తికాకముందే ఇంటికి పోయారు.

ఇక్కడా చేయాల్సింది ఇదే: పిల్లల బ్యాచ్ సారు దగ్గరే ఉండాలి, సీనియర్లకు లైసెన్స్ ఉన్న కొత్త కోచ్ రావాలి, కాగితాల పని మూడో మనిషికి పోవాలి. అప్పటిదాకా పన్నెండేళ్లలోపు పిల్లల్ని కళ్లు మూసుకొని చేర్పించండి. పదిహేను దాటినవాళ్లను పంపేముందు ఒక పొద్దున గ్రౌండ్‌కు వెళ్లి, మీ వాడి వయసు పిల్లాడొకడు అరగంటలో బంతిని ఎన్నిసార్లు తాకాడో లెక్కపెట్టి చూడండి.