‘లిటిల్ హార్ట్స్’: అమలాపురం ప్రేక్షకుల మాట

2025 సెప్టెంబరు 5న విడుదలైన ఈ చిత్రంలో, ఎంసెట్‌లో ర్యాంకు రాని అఖిల్, తండ్రి పట్టుదల వల్ల లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరి, అక్కడ చదువు మీద కన్నా కాత్యాయని మీదే ఎక్కువ మనసు పెడతాడు. కథ ఇంతే. అయితే పిల్లవాడి ఇంజనీరింగు సీటు కోసం కొబ్బరితోట తాకట్టు పెట్టడానికైనా వెనుకాడని కోనసీమ తల్లిదండ్రులకు ఈ హాస్యం కాస్త సూటిగానే తగిలింది. అమలాపురంలో నేను చూసిన ఆటలో, తండ్రి పాత్రలో రాజీవ్ కనకాల కనిపించినప్పుడల్లా కుర్రాళ్లు ఈలలు వేస్తుంటే, వెనుక వరుసలోని ఒక పెద్దాయన “నవ్వండ్రా, ఫీజులు కట్టేది మేమేగా” అన్నారు; హాలంతా తెర మీది సంభాషణల కన్నా ఆ మాటకే ఎక్కువ నవ్వింది. అఖిల్‌గా మౌళి పలికే తీరు సహజంగా ఉందని కుర్రకారు, చదువు ఎగ్గొట్టడాన్ని మరీ ముద్దుగా చూపారని తల్లులు అన్నారు. ఆ రెండో అభ్యంతరంలో కొంత న్యాయముంది. కాత్యాయనిగా శివానీ నాగారం నటన హుందాగా ఉంది. విశ్రాంతి తర్వాత దర్శకుడు సాయి మార్తాండ్ కథనం కొంత నెమ్మదించినా, ఇంటిల్లిపాదీ ఇబ్బంది పడకుండా కలిసి చూడవచ్చు.