టికెట్ కొని చూసినవాళ్ళు దాచిన సర్కస్: నార్మల్ నుంచి బారబూ దాకా

షికాగో చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి విస్కాన్సిన్ డెల్స్ కొత్త కాదు. ఎండలు ముదిరితే చాలు, పిల్లల్ని కారెక్కించుకుని వాటర్ పార్కులకి బయల్దేరతారు. ఆ డెల్స్‌కి ఇరవై నిమిషాల దూరంలోనే బారబూ అనే చిన్న ఊరుంది. రింగ్లింగ్ అన్నదమ్ములు 1884లో సర్కస్ మొదలుపెట్టింది అక్కడే. ఈసారి వాటర్ పార్కులు పక్కన పెట్టి, మేం సర్కస్ కోసమే రెండు ఊళ్ళు తిరిగాం: ఇల్లినాయిలో నార్మల్, విస్కాన్సిన్‌లో బారబూ. ఈ రెండు చోట్లా ఉన్న సరుకులో చాలావరకూ దాచింది సర్కస్ కంపెనీలు కాదు, సర్కస్ అభిమానులు. ఎక్కడ బస చేయాలి, ఏం చూడాలి అన్నదానితో పాటు వాళ్ళ కథ కూడా చెప్పాలని ఇది రాస్తున్నాను.

సర్కస్ వాళ్ళకి తమ చరిత్ర తాము దాచుకునే తీరిక ఎక్కడిది? ఇవాళ ఈ ఊళ్ళో రెండాటలు ఆడి, రాత్రికి రాత్రి గుడారం దించి, రైలెక్కించి, తెల్లారేసరికి ఇంకో ఊళ్ళో మేకులు దిగ్గొట్టాలి. ఆట అయ్యాక పోస్టరు చిత్తుకాగితం. బండి పాతబడితే పొలంలో పడి నానాల్సిందే, లేదా ఇనుము కోసం తగలబెట్టాల్సిందే. అలా బూడిదైన బొమ్మల బండ్లకి లెక్కలేదు. ఈ నష్టాన్ని చూసి తట్టుకోలేనివాళ్ళు బయట ఉన్నారు. లాయర్లు, డాక్టర్లు, పత్రికలవాళ్ళు, బడి పంతుళ్ళు. వాళ్ళంతా కలిసి 1926లో 'సర్కస్ ఫ్యాన్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా' పెట్టుకున్నారు. శాఖలకి 'టాప్' అనీ 'టెంట్' అనీ గుడారం పేర్లే. పత్రిక పేరు 'వైట్ టాప్స్'. నాకు బాగా నచ్చింది వాళ్ళ నినాదం: ఎక్కడికి వెళ్ళినా డబ్బు కట్టే చూస్తాం అని. ఫ్రీ పాసుల కోసం చేరిన సంఘం కాదని ఆ ఒక్కమాటలో తేల్చేశారు. తర్వాత 1939లో, చరిత్రనే ముఖ్యంగా పట్టించుకునేవాళ్ళు 'సర్కస్ హిస్టారికల్ సొసైటీ' పెట్టారు. దాని పత్రిక 'బ్యాండ్‌వాగన్'.

ముందు నార్మల్ వెళ్ళాం. బ్లూమింగ్టన్-నార్మల్ జంట ఊళ్ళలో ఇన్సూరెన్స్ కంపెనీ ఐటీ ఉద్యోగాల వల్ల మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. గుడి ఉంది, ఇండియన్ సరుకుల కొట్లున్నాయి, తిండికి లోటు లేదు. మేం దిగింది కాలేజీ స్నేహితుడి ఇంట్లో. "ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, ఆ లైబ్రరీ ముందు నుంచే రోజూ పోతాను, లోపల సర్కస్ ఉందని నాకు తెలీదన్నా" అన్నాడు వాడు. ఉన్నది ఇల్లినాయి స్టేట్ యూనివర్సిటీ మిల్నర్ లైబ్రరీలో. సర్కస్ మీద దేశంలో ఉన్న పెద్ద సేకరణల్లో అదొకటి. ఊరికీ సర్కస్‌కీ చుట్టరికం పాతదే. ఉయ్యాల ఆటగాళ్ళు, అదే ట్రపీజ్ వాళ్ళు, ఒకప్పుడు బ్లూమింగ్టన్‌లో సాధన చేసి పెద్ద కంపెనీల్లో చేరేవారు. పేరున్న ట్రపీజ్ ఆటగాడు ఆర్ట్ కాన్సెలో అక్కడ తయారైనవాడే. యూనివర్సిటీ విద్యార్థులు నడిపే గామా ఫై సర్కస్ 1929 నుంచీ ఉంది.

లైబ్రరీకి ముందుగా మెయిల్ రాసి, ఏ పెట్టెలు కావాలో చెప్పి, రోజు ఖాయం చేసుకుని వెళ్ళండి. చెప్పకుండా వెళితే అద్దాల బీరువాలు చూసి రావడమే. పనిదినాల్లోనే తెరుస్తారు కాబట్టి సెలవు పెట్టక తప్పదు. బ్యాగు బయట, పెన్ను బయట, పెన్సిలు మాత్రమే లోపలికి. ఒక పెట్టె తిరిగిచ్చాకే ఇంకోటి ఇస్తారు. నా అనుభవంలో సేవ అంటే ఇదీ. నేనడిగింది ఒకటైతే, దానితో పాటు పనికొచ్చే మరో రెండు ఫైళ్ళ పేర్లు కూడా చీటీ మీద రాసి ఇచ్చారు. పైసా ఖర్చు లేదు.

నేను ముఖ్యంగా చూడాలనుకున్నది బ్రాతెన్ గారి సేకరణ. స్వెర్రీ బ్రాతెన్ మాడిసన్‌లో లాయరు. ఆయనా, ఆయన భార్య ఫే, ఇద్దరూ ఫ్యాన్స్ అసోసియేషన్ మనుషులే. సర్కస్ ఎక్కడ దిగితే అక్కడికి కెమెరాతో పోయేవారు. అప్పట్లో అందరూ నలుపు తెలుపులో తీస్తుంటే ఈయన కోడాక్రోమ్ రంగు స్లైడ్లు తీశాడు. వాటిలో రంగస్థలం కంటే పెరడు ఎక్కువ. వంటగుడారం, బట్టలు మార్చుకునే చోటు, బళ్ళ మధ్య తాడు కట్టి ఆరేసిన బట్టలు. ఒక స్లైడుని దీపం బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. గడ్డి మీద వరసగా బకెట్లు, ఒక్కో ఆటగత్తె ముందు రెండేసి. ఆ రోజుల్లో సర్కస్‌లో మనిషికి రోజుకి దక్కేవి రెండే బకెట్ల నీళ్ళు: స్నానానికీ బట్టలకీ మేకప్ కడుక్కోవడానికీ అన్నిటికీ కలిపి. సాయంత్రం తళుకు గౌను వేసుకుని గుడారం చూరు దగ్గర తిరిగే మనిషి, పొద్దున ఆ రెండు బకెట్ల ముందు ముక్కాలి పీట వేసుకుని జుట్టు తడుపుకుంటోంది. కంపెనీ ఫొటోగ్రాఫరు ఇది తీయడు. తీసినా ఎవరూ దాచరు.

బ్రాతెన్‌కి సర్కస్ బ్యాండ్ అంటే ప్రాణం. వాద్యగాళ్ళతో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపాడు. వాళ్ళలో పెద్ద పేరు మెర్ల్ ఎవాన్స్‌ది. రింగ్లింగ్ బ్యాండుకి దశాబ్దాలపాటు నాయకుడాయన. 1944 జూలై 6న హార్ట్‌ఫర్డ్‌లో ఆట జరుగుతుండగా గుడారం అంటుకుంది. మంటని చూడగానే ఎవాన్స్ 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్' వాయించమన్నాడు. సర్కస్ వాళ్ళ భాషలో ఆ మార్చ్ మామూలు పాట కాదు, ఆపద వచ్చిందన్న సంకేతం. అది వినగానే సిబ్బంది జనాన్ని బయటికి పంపడం మొదలుపెట్టారు. అయినా 160 మందికి పైగా పోయారు, చాలామంది పిల్లలు. ఇలాంటి సంగతులు ప్రోగ్రాం పుస్తకాల్లో దొరకవు. ఆట చూసేవాళ్ళతో పాటు వాయించేవాళ్ళని కూడా పలకరించే అభిమాని ఒకడుంటేనే అలాంటివి మిగులుతాయి.

రూట్ బుక్కుల గురించి కూడా చెప్పాలి. ప్రతి సీజన్ చివర సర్కస్‌లో ఎవరో ఒకరు అచ్చేసిన చిన్న పుస్తకాలివి. ఏ తేదీన ఏ ఊరు, ఎన్ని మైళ్ళు, వానా ఎండా, జనం ఎంత, ఎవరికి పెళ్ళయింది, ఎవరు గుర్రం మీంచి పడ్డారు, పనివాళ్ళ పేర్లతో సహా అన్నీ. మిల్నర్ లైబ్రరీ, బారబూ మ్యూజియం, ఫ్లోరిడాలో సారసోటా రింగ్లింగ్ మ్యూజియం తమ దగ్గరున్న పుస్తకాలన్నీ కలిపి స్కాన్ చేసి ఉచితంగా అందరికీ పెట్టాయి. బ్రాతెన్ ఫొటోలు కూడా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అంతదూరం వెళ్ళలేనివాళ్ళు అవైనా తప్పకుండా చూడండి.

మర్నాడు ఐ-39 ఎక్కాం. ఆ రోడ్డు నార్మల్ దగ్గరే మొదలై తిన్నగా ఉత్తరానికి పోతుంది. బారబూకి నాలుగు గంటల లోపే. దారిలో మాడిసన్. మెండోటా, మొనోనా సరస్సుల మధ్య బాగుంటుంది గానీ మేం భోజనానికి మాత్రమే ఆగాం.

బస సంగతి. డెల్స్‌లో గదులు బోలెడు, వేసవి శనివారాల్లో రేట్లు మాత్రం మండిపోతాయి, రాత్రి పదకొండు దాకా హడావిడి. బారబూలో గదులు తక్కువ, నిద్ర ఎక్కువ. మేం దిగిన మోటెల్ వాళ్ళు బుకింగ్‌లో టిఫిన్ ఉందన్నారు, పొద్దున దిగితే కాఫీ యంత్రం, రెండు మఫిన్లు. పిల్లలున్నవాళ్ళు ఈ సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. శాకాహారులకి ఊళ్ళో తిండి కష్టం. శుక్రవారం ఎక్కడ చూసినా చేప వేపుడే. మా ఆవిడ చేసి తెచ్చిన పులిహోర రెండు పూటలు ఆదుకుంది.

వాటర్ స్ట్రీట్‌లో నది ఒడ్డున సర్కస్ వరల్డ్. రింగ్లింగ్ వాళ్ళు చలికాలం ఏనుగుల్నీ గుర్రాల్నీ ఉంచిన కొట్టాలు ఇవే. 1918 దాకా వాడారు. 1907లో బార్నమ్ అండ్ బెయిలీ కంపెనీని కొనేసి, 1919లో రెంటినీ కలిపి, ఊరొదిలి వెళ్ళిపోయారు. ఏళ్ళ తర్వాత వాళ్ళ లాయరుగా చేసిన జాన్ కెల్లీ పట్టుబట్టి మ్యూజియం చేయించాడు. 1959 జూలై 1న తెరిచారు. స్థలం విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీది. మరుసటి ఏడు డైరెక్టరుగా వచ్చిన చాపీ ఫాక్స్, బళ్ళ కోసం దేశమంతా గాలించాడు. పొలాల్లో, పాత షెడ్లలో కుళ్ళిపోతున్నవాటిని బతిమాలి తెచ్చాడు. ఇప్పుడక్కడ 200కు పైగా సర్కస్ బళ్ళున్నాయి. ప్రపంచంలో ఇంకెక్కడా అన్ని లేవు. 1963 నుంచి చాలా ఏళ్ళు వాటిని రైలెక్కించి మిల్వాకీ తీసుకెళ్ళి, గుర్రాలు కట్టి వీధుల్లో ఊరేగించారు.

బళ్ళ షెడ్డులో గంటకి పైగా గడిపాం. పానీ బిల్ అనే పాత కంపెనీ యజమాని బ్యాండు బండికి ఒకపక్క కొలంబస్ ఒడ్డున దిగడం, రెండోపక్క పోకహాంటస్ కెప్టెన్ స్మిత్‌ని కాపాడడం, మనిషెత్తు చెక్కడాలు, బంగారు పూత. చూస్తున్నంతసేపూ మా వైపు రథాలే గుర్తొచ్చాయి. చక్రాలు మరీ దగ్గరగా చూడండి. ఆకుల మధ్య ఖాళీల్లో కొసలు కోసిన చెక్క ముక్కలు బిగించి, ఇరుసు దగ్గర పసుపు, బయటికి పోయేకొద్దీ నారింజ, అంచున ఎరుపు వేస్తారు. బండి కదిలితే చక్రం మండుతున్నట్టుంటుంది. మరమ్మతు కొట్టంలో ఒక పెద్దాయన పాత రంగు పొరల్ని సన్నటి కత్తితో ఒక్కొక్కటే తీస్తూ, అడుగున ఉన్న మొదటి రంగుని మా అమ్మాయికి చూపించాడు. "ఎన్నిసార్లు వేశారు?" అని అమ్మాయి అడిగితే, "ఎన్ని కంపెనీలు మారిందో అన్నిసార్లు" అన్నాడు.

ఆటలు వేసవిలోనే ఉంటాయి. మిగతా నెలల్లో వెళితే బళ్ళూ పోస్టర్లే. నా మటుకు నాకు అదీ చాలు, పిల్లలతో అయితే వేసవే మేలు. పక్కనే రాబర్ట్ పార్కిన్సన్ లైబ్రరీ. ఇక్కడా ముందే చెప్పి వెళ్ళాలి. పోస్టరు అడుగున ఊరు పేరూ తేదీ ఉన్న కాగితం ముక్క విడిగా అతికించి ఉంటుంది. అదే పోస్టరు ప్రతి ఊళ్ళోనూ వాడాలి కదా. ఆ ముక్క చిరగకుండా దొరికితే పరిశోధకులకి పండగ. 1940లలో రింగ్లింగ్‌లో క్రూరమృగాల్ని ఆడించిన దామూ ధోత్రే, మన పుణె మనిషి, ఆయన గురించి అడిగితే విసుక్కోకుండా వెతికి పెట్టారు.

అక్కడ కూర్చున్నప్పుడే కోడి రామమూర్తి గారు మనసులో మెదిలారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరం కేంద్రంగా సర్కస్ కంపెనీ నడిపి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి. ఆయన కంపెనీ కరపత్రాలు, టికెట్లు, జీతాల పుస్తకాలు ఎవరింట్లో ఏ ట్రంకుపెట్టెలో ఉన్నాయో. ఉత్తరాంధ్రలో పాత ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, కాగితాలు తూకానికి వేసేముందు ఒక్కసారి చూడండి. బ్రాతెన్ లాంటి వాళ్ళు మనకీ కావాలి.

ఒక మాట దాచకూడదు. ఈ సంఘాలవాళ్ళలో చాలామంది సర్కస్‌లో జంతువులుండాలన్న పక్షమే. నేను ఆ పక్షం కాదు. రింగ్లింగ్ 2016లో ఏనుగుల్ని మాన్పించి, 2017లో మూతపడి, 2023లో జంతువులు లేకుండానే మళ్ళీ మొదలైంది. నాకు అదే సరైన దారి. మ్యూజియం కూడా గొలుసులూ అంకుశాల గురించి ఇంకాస్త పెద్ద అక్షరాల్లో చెప్పాలి. ఆ పాత కొట్టాల్లో నిలబడ్డప్పుడు ఆ లోటు తెలుస్తుంది.

ఊళ్ళో ఆల్ రింగ్లింగ్ థియేటరు వదలకండి. రింగ్లింగ్ అన్నదమ్ముల్లో ఒకడైన ఆల్ దాన్ని కట్టించి 1915 నవంబరులో తెరిచాడు, కొద్ది వారాలకే పోయాడు. ఇప్పటికీ ఆటలు, కచేరీలు నడుస్తున్నాయి. డెవిల్స్ లేక్ స్టేట్ పార్కు పక్కనే, ఎర్రరాతి కొండలు బాగుంటాయి, కానీ వారాంతం పది దాటితే కారు పెట్టే చోటుండదు, బయటి రాష్ట్రం నంబరుకి రుసుం ఎక్కువ.

వెళ్ళే వరస కూడా చెప్తాను: గురువారం సాయంత్రానికి నార్మల్ చేరి, శుక్రవారం పగలంతా మిల్నర్, రాత్రికి బారబూ, శనివారం సర్కస్ వరల్డ్. ముందు కాగితాలు చూసి తర్వాత బళ్ళు చూస్తే, ఏ బండి ఏ ఊరి బురదలో దిగబడిందో తెలిసి చూస్తారు. బారబూ లైబ్రరీ కూడా కావాలంటే సోమవారం సెలవు పెట్టుకోండి.