పవర్ కార్డ్‌లతో కొన్నేళ్లు: చేతికి ఏం వచ్చింది, ఏం రాలేదు

ఎలక్ట్రిక్ గిటార్ పట్టినవాళ్లకు ఎవరైనా ముందు చూపించేది పవర్ కార్డే, అంటే రెండు మూడు తీగల్ని ఒకేసారి మోగించే చిన్న స్వరాల గుంపు. రెండు వేళ్లు చాలు, సాయంత్రానికల్లా ఏదో ఒకటి వాయించేయొచ్చు అంటారు. ఆకారం వరకు అది నిజమే. ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) ఐదో ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డకడ్డీల మధ్య గడిలో) చూపుడు వేలు, ఐదో తీగ ఏడో ఫ్రెట్‌లో ఉంగరపు వేలు పెడితే ఏ5 అనే పవర్ కార్డ్ వచ్చేసినట్టే. నాలుగో తీగ ఏడో ఫ్రెట్‌లో చిటికెన వేలు కూడా కలిపితే ఇంకాస్త నిండుగా ఉంటుంది. అదే ఆకారాన్ని మెడ మీద జరుపుకుంటూ పోతే మిగతా పవర్ కార్డ్‌లన్నీ వస్తాయి. కానీ కొన్నేళ్లుగా వీటితోనే ఎక్కువగా వాయిస్తున్నాక నాకు అర్థమైంది ఒకటే: ఆ ఆకారం తేలికైన భాగం. మోగకూడని తీగల్ని మోగనివ్వకపోవడమే అసలు విద్య.

ఎందుకంటే డిస్టార్షన్, అంటే రాక్ గిటార్‌లో వినిపించే ఆ గరగర శబ్దం, చిన్న చప్పుడును కూడా పెద్దది చేస్తుంది. క్లీన్ టోన్‌లో (డిస్టార్షన్ లేనప్పుడు) వినపడని తీగ ఒరిపిడి, గెయిన్ (డిస్టార్షన్‌ను పెంచే నాబ్) పెంచగానే కార్డ్‌తో సమానంగా వచ్చి కూర్చుంటుంది. కాబట్టి చూపుడు వేలికి మూడు పనులుంటాయి. కొనతో కార్డ్ మొదటి స్వరాన్ని నొక్కాలి. వేలి కింది భాగం సన్నటి తీగల మీద నొక్కకుండా ఆనుకుని ఉండాలి. మొదటి స్వరం ఐదో తీగ మీద ఉంటే, వేలికొన కాస్త పైకి జరిగి ఆరో తీగను తాకి దాన్ని ఆపాలి. ఈ మూడోది అలవాటు కావడానికే నాకు బాగా సమయం పట్టింది. అది వచ్చాక మాత్రం ఆరు తీగల మీదా పిక్ ఆడించినా కావలసినవే మోగుతాయి. కుడిచెయ్యి భయం లేకుండా కదులుతుంది. నాయిస్ గేట్ అనే రొద ఆపే పరికరం కొంటే సరిపోదా అని అడుగుతుంటారు. వాయించడం ఆపినప్పుడు వచ్చే రొదను అది ఆపుతుంది. మీరు వాయిస్తున్నంతసేపూ తెరుచుకునే ఉంటుంది కాబట్టి, పక్క తీగ మోతను ఆపాల్సింది చెయ్యే.

ఇక పవర్ కార్డ్‌కు ఆ బరువైన శబ్దం ఎక్కడిదంటే, అందులో ఉండేవి స, ప, పై స. కార్డ్ మేజరా (వెలుగుగా వినిపించేది), మైనరా (దిగులుగా వినిపించేది) అన్నది తేల్చే గాంధారం ఉండదు కాబట్టి అది మేజరూ కాదు, మైనరూ కాదు. డిస్టార్షన్‌లో రెండు స్వరాల ఫ్రీక్వెన్సీల తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. ఓపెన్ ఆరో తీగ సుమారు 82 హెర్ట్జ్, దాని పంచమం సుమారు 123. తేడా 41, అంటే మొదటి స్వరానికే కింది స్థాయి. గిటార్‌లో లేని ఆ లోతు అక్కడి నుంచే వస్తుంది. గాంధారం కూడా కలిపితే ఇలాంటి అదనపు స్వరాలు ఎక్కువై, ఒకదానితో ఒకటి పొసగక అంతా గజిబిజి అవుతుంది.

ఈ లెక్క చెవికి తెలియాలంటే ఒక పని చేసి చూడండి. గెయిన్ పెట్టి కార్డ్ కొట్టి అలాగే మోగనివ్వండి. శబ్దం నిలకడగా ఉంటే సరే. లోపల వావ్ వావ్ మని అలలా ఊగుతుంటే, ట్యూనింగ్ అయినా తప్పి ఉండాలి, ఒక వేలైనా తీగను ఎక్కువగా నొక్కుతుండాలి. గట్టిగా నొక్కిన తీగ శ్రుతి పైకి పోతుంది. కొత్తలో టెన్షన్‌తో బిగించే పట్టులో ఇది తరచూ జరుగుతుంది. వేలు కాస్త వదులు చేస్తే ఊగడం ఆగడం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. ఏ పాఠం కన్నా నాకు ఇదే ఎక్కువ నేర్పింది.

పామ్ మ్యూట్ (పిక్ పట్టిన చేతి అంచును తీగల మీద ఆనించి మోతను తగ్గించడం) విషయంలో తేడా అంతా సెంటీమీటర్లలోనే ఉంటుంది. చిటికెన వేలి వైపు అరచేతి అంచు, తీగలు బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) నుంచి బయలుదేరే చోట ఆనాలి. కొంచెం ముందుకు జరిగితే స్వరమే తెలియని టప్‌టప్ వస్తుంది, వెనక్కి జరిగితే మ్యూటే అవ్వదు. మీ గిటార్ మీద ఆ చోటు మీరే వెతుక్కోవాలి.

మొదటి ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టకండి. అక్కడ ఫ్రెట్లు వెడల్పు, వేళ్లు బాగా చాచాలి. ఐదు, ఏడు ఫ్రెట్ల దగ్గర చెయ్యి కుదిరాక కిందికి రండి. తీగలు సన్నవైతే శబ్దం పల్చబడుతుందన్న భయం కూడా అక్కర్లేదు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ 1965లో ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నారు. అవి తీగలు నొక్కే చేతివే. ప్లాస్టిక్ తొడుగులు పెట్టుకుని, సన్నటి తీగలు వేసుకుని, తర్వాత ట్యూనింగ్ కూడా కిందికి దించి వాయించారు. ఆ శబ్దాన్ని పల్చన అన్నవాళ్లు లేరు.

లోటు లేదని చెప్పను. పాట మూడ్ మేజర్ నుంచి మైనర్‌కు మారే చోట పవర్ కార్డ్ ఏమీ చెప్పలేదు. ఆ పని గొంతో, బేసో, రెండో గిటారో చెయ్యాలి. క్లీన్ టోన్‌లో ఒక్కరే కూర్చుని వాయిస్తే వెలితిగా వినిపిస్తుంది. పైగా ఒకే ఆకారం అలవాటైతే వేళ్లు దాన్ని వదలవు. ఏడాది దాటాక కూడా మామూలు కార్డ్‌లు మొదలుపెట్టకపోతే ఆ తర్వాత కష్టమే. ఆరో తీగను ఒక మెట్టు కిందికి దించే డ్రాప్ డి ట్యూనింగ్‌లో ఒక్క వేలితో కార్డ్ వస్తుంది, వేగంగా మారడానికి చాలా బాగుంటుంది. అయితే చూపుడు వేలితో తీగల్ని ఆపడం పూర్తిగా వచ్చాకే ఆరో తీగను దించమంటాను.