ఓఈఎమ్ విండోసా, రిటైల్ విండోసా? మదర్‌బోర్డు మార్చేవాళ్ళకి ఏది మేలు?

పాత కంప్యూటర్‌ని మళ్ళీ కట్టుకునేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు గురించి నెల రోజులు చదువుతాం, విండోస్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వేసెయ్ అన్నా" అంటాం. నేనూ అదే అన్నాను. రెండేళ్ళకి బోర్డు పోయింది. వేరే కంపెనీ బోర్డు బిగించి ఆన్ చేస్తే స్క్రీన్ మీద కింద కుడి మూలన బూడిద రంగు అక్షరాల్లో 'యాక్టివేట్ విండోస్' అని వచ్చి కూర్చుంది, ఎంత తంటాలు పడ్డా పోలేదు. బిల్లు తీసి చూస్తే షాపువాళ్ళు 'విండోస్ ఒరిజినల్' అని రాశారే గానీ అది ఓఈఎమ్ (కొత్త కంప్యూటర్‌తో కలిపి అమ్మే రకం) అని ఎక్కడా లేదు. ఒరిజినలే, కాదనను. కానీ నాకు పనికొచ్చే రకం కాదు.

ఓఈఎమ్ లైసెన్సు మొదట యాక్టివేట్ అయిన మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవచ్చు, బోర్డు మార్చి మంచిది వేసుకుంటే మాత్రం లైసెన్సు పాతదానితోనే పోతుంది. బోర్డు పాడైపోయి, అదే మోడల్ గానీ, వారంటీ కింద కంపెనీ ఇచ్చే దానికి సమానమైన బోర్డు గానీ వేస్తే కొత్త లైసెన్సు అక్కర్లేదు. అయితే పాత బోర్డు మోడల్ కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగి చూడండి, ఎన్ని షాపుల్లో "అది ఆగిపోయింది సార్" అంటారో తెలుస్తుంది.

రిటైల్‌కి, అంటే విడిగా కొనుక్కునే రకానికి, డబ్బులు ఎక్కువ. కానీ పాత మెషీన్‌లోంచి తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు, ఒకసారికి ఒక కంప్యూటర్‌లోనే. విండోస్ 10 రిటైల్ కీ (యాక్టివేట్ చేసే కోడ్) ఉన్నవాళ్ళు అదే ఎడిషన్ విండోస్ 11కి దాన్నే వాడుకోవచ్చు. ఇప్పుడు చాలామందికి కావలసింది ఇదే, ఎందుకంటే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ముగిసింది, విండోస్ 11 ఏమో టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి అడుగుతుంది, అంటే పాత మెషీన్లకి బోర్డు మార్చక తప్పదు.

మీది ఏ రకమో చూసుకోవడం తేలిక. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి డీఎల్ఐ అని కొట్టండి (ఇంగ్లీషులో slmgr /dli). చిన్న బాక్సు వస్తుంది, అందులో 'ఛానెల్' అన్న మాట పక్కన ఓఈఎమ్, రిటైల్, వాల్యూమ్ (సంస్థలు చాలా కంప్యూటర్లకి కలిపి కొనే రకం) అని మూడింట్లో ఏదో ఒకటి ఉంటుంది. పాత బోర్డు విప్పకముందే చూడండి, రిటైల్ అయితే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కూడా లింక్ చేసి పెట్టుకోండి. బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌ల కీ విండోస్ 8 కాలం నుంచి బయోస్‌లోనే, అంటే బోర్డు మీది చిప్‌లోనే ఉంటోంది, అది ఓఈఎమే, దాన్ని పీకి కొత్త మెషీన్‌కి తెచ్చుకునే దారి లేదు.

ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకి అమ్మే కీల జోలికి మాత్రం దయచేసి పోకండి. వాటిలో కొన్ని ఏవో సంస్థల వాల్యూమ్ కీలు. కేఎమ్ఎస్ రకమైతే, అంటే సంస్థ సొంత సర్వర్ ద్వారా యాక్టివేట్ అయ్యేదైతే, 180 రోజుల్లోపు ఆ సంస్థ సర్వర్‌ని పలకరించాలి, లేకపోతే యాక్టివేషన్ పోతుంది, అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

విండోస్‌కి బదులు వాడుకునే లైనక్స్ సంగతి వేరు. బ్రౌజింగ్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అయితే లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 ఉచితం, 2029 దాకా అప్‌డేట్‌లు వస్తాయి, తెలుగు టైపింగ్ కూడా హాయిగా జరుగుతుంది. అయితే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్ళకి, ట్యాలీ మీద బతికే దుకాణాలకి విండోస్ తప్పదు.

మా అన్నయ్య కొట్లో బిల్లింగ్ మెషీన్‌కి నేనే ఓఈఎమ్ వేయించాను, ఆ బోర్డుని ఎవరూ ముట్టుకోరు, చెడిపోయేదాకా అదే నడుస్తుంది. నా మెషీన్‌లో మూడేళ్ళకోసారి ఏదో ఒకటి మార్చనిదే నాకు నిద్ర పట్టదు కాబట్టి ఈసారి రిటైలే కొన్నాను. కీ ఉన్న కార్డుని ఫొటో తీసుకుని, ఒరిజినల్ని బోర్డు బిల్లుతో కలిపి బీరువాలో పెట్టాను. బిల్లు మీద 'రిటైల్' అని రాయించుకున్నాకే షాపులోంచి కదిలాను.